పెద్దనాయిన చావుకు మోగని డప్పు

మొన్న ఆదివారం మా వాడ యువజన సంఘం పిల్లలు ఇంటికొచ్చి, సభలో పాత ముచ్చట్లు చెప్పాలనీ, అందులోనూ నవ్వొచ్చేవే చెప్పాలనీ పట్టుబట్టారు. చెప్పాను. మైదాపిండి జిగురుతో గోడపత్రికలు అంటిస్తే తెల్లారేసరికి మేకలు నాకి పారేయడం, ఒక్క బండి మీద ముగ్గురం పోతూ పోలీసాయనకు దొరికి ఆయన చేతిలోనే కరపత్రం పెట్టడం విని పిల్లలు పడీపడీ నవ్వారు. చెప్పకుండా మింగిన ముచ్చట ఒకటుంది. అది నా ఈడు వాళ్ళకు చెప్పుకోవలసిందే తప్ప సభలో చెప్పేది కాదు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో షిఫ్టుకు పోయేవాణ్ణి. దిగాక, ఒంటిమీది మందు వాసన పోకముందే, సంఘం పనికి ఎక్కేవాణ్ణి. పనంటే ఘనకార్యమేమీ కాదు, ఒకరి పింఛను కోసం ఆఫీసు చుట్టూ, బడి మానిన పిల్ల కోసం వాళ్ళ నాయిన చుట్టూ, మీటింగుకు రమ్మని ఇల్లిల్లూ తిరగడమే. ఉద్యమం రోజుల్లో ప్రతి ఊరేగింపుకూ ముందు మా వాడ డప్పే నడిచింది, పెద్ద పెద్దవాళ్ళు ఆ డప్పు కొట్టే మా పెద్దనాయిన భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు. రాష్ట్రం వచ్చాక ఊళ్ళో పెద్దింటి ముసలాయన కాలం చేస్తే మాత్రం, ఎప్పటిలాగే వాళ్ళ జీతగాడు మా వాడ మొగదల నిలబడి డప్పులు తెమ్మన్నారని కేకేసి పోయాడు. శవం ముందు కాటిదాకా కొట్టాలి, గుంత తవ్వాలి, కూలి అడగకూడదు, ఇంత కల్లు పోస్తే తాగి రావాలి. అది తాతల నాటి రివాజు.

పోయేది లేదన్నాం. పంచాయితీ పెట్టారు. మీ ఇండ్లల్ల సస్తే కొడ్తరు, మా ఇండ్లల్ల సస్తే కొట్టరా అని ఊరి పెద్దలు నిలదీసేసరికి, రోషం ఆగక మా చావులకు కూడా కొట్టబోమని మాటిచ్చి వచ్చాం. ఆ మాట నిలబెట్టడానికి తన డప్పును మొట్టమొదట తెచ్చి సంఘం గదిలో మేకుకు తగిలించింది పెద్దనాయినే. ఆయన కొడితే పాడె మీది శవానికీ కాలు ఆగదని వాడంతా ఎగతాళి చేసేవాళ్ళు. అలాంటి మనిషి ఆ రోజు చేతులు దులుపుకొని ఇంటికి పోయాడు.

ఊరు ఊరుకోలేదు. పత్తి ఏరడానికి మావాళ్ళను పిలవడం మానేశారు, కిరాణా కొట్టాయన ఎదురుగా ఉన్న ఉప్పునే లేదనేవాడు. మా ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి పక్క మండలానికి కూలికి పోతుంటే, మేమెప్పుడు మాట తప్పుతామా అని వాళ్ళు కాచుకు కూర్చున్నారు.

అలాంటప్పుడు పెద్దనాయిన పోయాడు. దవాఖాన నుంచి శవాన్ని తెచ్చి వాకిట్లో దించాక పెద్దమ్మ ఏడుపు ఆపి నన్ను దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, ఊరందర్ని సాగనంపిన మనిషిరా. గాయినకు ఒక్క దరువన్న కొట్టుర్రి."

వాడ మొగదల ఊరివాళ్ళిద్దరు నిలబడి ఉన్నారు. పలకరించడానికి కాదు, చప్పుడు వినబడుతుందేమోనని. ఒక్క దెబ్బ పడితే చాలు, మర్నాడే జీతగాడు మళ్ళీ కేకేస్తాడు. నేనే వద్దన్నాను. పాడె ముందు ఏ చప్పుడూ లేదు, వెనక ఆడవాళ్ళ ఏడుపు తప్ప. ఎన్నో ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచిన నేను ఆ దారి పొడుగునా నోరు విప్పలేక ఏడ్చాను. పెద్దమ్మ నన్ను నిందించలేదు. కర్మకాండ కాగానే పక్క మండలం కూలికి అందరితోపాటు ఆటో ఎక్కింది.

తప్పు చేశామని నేను ఇప్పటికీ అనను. ఆ తర్వాత మా వాడకు ఆ కేక మళ్ళీ రాలేదు. పత్తి చెడిపోతుంటే వాళ్ళే పిలిచారు, కొట్టాయనకు ఉప్పు దొరికింది.

నిరుడు ఎండాకాలం పెద్దమ్మ మంచం పట్టి, నన్నన్న సప్పుడు తోటి తీస్కపోర్రి బిడ్డా అని చేయి పట్టుకుంది. అప్పటికి మమ్మల్ని కాచుకు కూర్చునేవాళ్ళూ లేరు, ఆ పంతమూ లేదు. తీరా ఆమె పోయాక వాడంతా వెతికితే కొట్టేవాడు దొరకలేదు. పెద్దనాయినతో కొట్టినవాళ్ళు అప్పటికే పోయారు, పిల్లలంతా కంపెనీల్లోనూ కార్ల డ్రైవర్లుగానూ కుదిరిపోయారు. మాటకు కట్టుబడి పెద్దనాయిన ఆ దరువు ఎవరికీ నేర్పలేదు. చివరకు పైసలిచ్చి పట్నం దారిలో ఉన్న డప్పుల బృందాన్ని పిలిపిస్తే, వాళ్ళ నాయకుడు నన్ను పక్కకు తీసుకుపోయి తల గోక్కున్నాడు.

"అన్నా, సావు దరువు మాకు రాదే. బరాత్‌ది కొడ్తం, నడుస్తదా?"

నడుస్తదన్నాను. పెద్దమ్మ పెండ్లి దరువు మీద కాటికి పోయింది.

ఇప్పుడు మా వాడ మొగదల నిలబడి కేకేసే మొనగాడు లేడు, ఆ రోజు కోసమే తిరిగాం, అది వచ్చింది. నా ఈడు వాళ్ళం ఒకరొకరం పోతూనే ఉన్నాం, మా పాడెల ముందు ఎవరి పెండ్లిదో దరువు మోగుతోంది.