క్యాలెండర్ గడిలో రెండు అంకెలు

ఆ శనివారం ఉదయం ఐదుంబావుకు మావారి మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి, చేతి గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు నాడి లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది వచ్చింది. ఆయన పడుకునే "ఎంత?" అన్నారు. చెప్పాను. "ఇంకోసారి చూడు" అన్నారు నవ్వుతూ. రెండోసారీ అంతే. వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో, పైన ఎడమ మూలన 38 అని రాసి కింద గీత గీశాను. నలభై కంటే తగ్గడం అదే మొదటిసారి.

ఏదో తేడాగా ఉందని మాకు తెలియాల్సిన రోజు అది. మేము మాత్రం ఆ సాయంత్రం సేమ్యా పాయసం చేసుకున్నాం.

మాది సికింద్రాబాద్‌లో కార్ఖానా. నేను ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. మావారు ప్రసాద్ ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవారు. నలభై రెండో ఏట, షుగర్ బోర్డర్‌లో ఉంది, నడవమని డాక్టర్ చెబితే నడక మొదలుపెట్టారు. ఆ నడక పరుగైంది. ఐదేళ్లలో రెండు ఫుల్ మారథాన్లు పూర్తి చేశారు. మా ముగ్గురి దినచర్య ఆ పరుగు చుట్టూ సర్దుకుంది. ఏడున్నరకే అన్నాలు తినేసేవాళ్లం. పెళ్లిళ్లకు వెళ్తే భోజనం కాగానే వచ్చేసేవాళ్లం. మా అమ్మాయి ప్రీతి ఇంటర్ చదువుతూనే వారానికి మూడు రోజులు డాడీతో ఐదు కిలోమీటర్లు పరిగెత్తేది. ఆదివారం చర్చి కాబట్టి మా ఇంట్లో లాంగ్ రన్ శనివారం. బంద్ పిలుపు వచ్చిన రోజుల్లో రోడ్లు ఖాళీగా ఉంటాయని ఆయన ఇంకో నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పరిగెత్తేవారు.

నేను పరిగెత్తను. లెక్కలు రాయడం నా పని. పరుగు అలవాటైనవాళ్ల గుండె బలపడి, విశ్రాంతిలో నెమ్మదిగా కొట్టుకుంటుందని మా లైబ్రరీకి వచ్చిన ఒక పత్రికలో చదివి ఆయనకు చెప్పింది నేనే. అది నిజం కూడా. అప్పటి నుంచి రోజూ ఆయన మంచం దిగకముందే నాడి చూసి క్యాలెండర్ గడిలో పై మూలన రాసేదాన్ని. పరుగు నుంచి వచ్చాక, దానికి పట్టిన టైమ్ కింది మూలన రాసేదాన్ని. మొదట్లో నాడి యాభై ఎనిమిది. ఐదేళ్లలో నలభై ఆరుకు దిగింది. పరీక్షలో ప్రీతికి వచ్చిన మార్కులు చెప్పుకున్నట్టు ఆ అంకె చుట్టాలకు చెప్పుకునేవాళ్లం.

ఆయనతో కలిసి పరిగెత్తే యాదగిరికి రాంగోపాల్‌పేట్‌లో సైకిల్ షాపు ఉంది. ఆ శనివారం గేటు దగ్గరే అడిగాడు.

"ఏంది వదినా, ఇయ్యాల ఎంత?"

"ముప్ఫై ఎనిమిది."

"అబ్బో! అన్నా, నీ గుండె సర్కారు ఆఫీసు లెక్క ఉన్నది గదా. ఎప్పుడో ఒక్కపారి లేస్తది, సంతకం పెడ్తది, మళ్ల పండుకుంటది."

"నువ్వు బిర్యానీ మానేయ్, నీదీ తగ్గుద్ది" అన్నారు మావారు.

"అంత తక్లీఫ్ నాతోని కాదు. నాకు డెబ్బై రెండే మంచిగున్నది."

నేరేడ్‌మెట్ దాకా వెళ్లి రావడం వాళ్ల శనివారం పరుగు. ఎప్పుడూ మావారు ముందు వచ్చి, యాదగిరి కోసం గేటు దగ్గర నిలబడేవారు. ఆ రోజు యాదగిరి ముందు వచ్చి నిలబడ్డాడు. మావారికి ఎప్పటికన్నా ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ పట్టింది. ఏప్రిల్ ఎండ అనుకున్నాం. తర్వాతి వారం షూ అరిగిందన్నాం. ఆ తర్వాత నిద్ర చాలలేదన్నాం. టైమ్ పెరిగినప్పుడల్లా ఒక కారణం దొరికింది. నాడి తగ్గినప్పుడు మాత్రం కారణం వెతకలేదు. అది ఆయన సాధించినదే అనుకున్నాం.

మే నెలలో ఒకరోజు ఆయన మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగారు. "కళ్ల ముందు ఒక్క క్షణం నల్లగా అయింది" అన్నారు. ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు ఇచ్చాను. శక్తికి మించి పరిగెత్తితే వచ్చే ఓవర్‌ట్రెయినింగ్ గురించి దొరికినదంతా చదివాను. మర్నాడు నాడి ముప్ఫై ఆరు. రాశాను.

తర్వాతి ఆదివారం చర్చిలో పాటకు నిలబడినప్పుడు ముందు ఆయన చేతిలోని పాటల పుస్తకం కింద పడింది, తర్వాత ఆయన పడ్డారు. అర నిమిషంలో లేచి కూర్చుని, "ఎన్నో చరణంలో ఉన్నాం?" అని అడిగారు. స్టాఫ్ నర్సుగా రిటైరైన మరియమ్మగారు వెనక వరసలో నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని చూశారు.

"సుజాతా, ముప్ఫై నాలుగే ఉందమ్మా."

"ఆయన రన్నరండీ. ఎప్పుడూ అంతే" అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను.

"రన్నరైతే పరిగెడతాడు. పడిపోడు. ఆటో పిలువు."

హాస్పిటల్లో ఈసీజీ తీసిన డ్యూటీ డాక్టర్ కాగితం చూసి, ఆయన్ను వీల్‌చెయిర్‌లోంచి కూడా లేవనివ్వలేదు. కార్డియాలజిస్ట్ వచ్చి మాకు అర్థమయ్యేలా చెప్పారు. "గుండె పై గదుల నుంచి వచ్చే సిగ్నల్ కింది గదులకు అందడం లేదు. అవి వాటంతట అవే, తోచినప్పుడు కొట్టుకుంటున్నాయి. కంప్లీట్ హార్ట్ బ్లాక్ అంటాం."

"అథ్లెట్స్‌కి పల్స్ తక్కువుంటుంది కదా సార్" అన్నారు మావారు.

"ఉంటుంది. ఎప్పటి నుంచి ఇంత తక్కువ?"

ప్రీతి ఇంటికి వెళ్లి, ఆ ఏటిదీ, దాచి ఉంచిన పాతవీ క్యాలెండర్లు తెచ్చింది. డాక్టర్ నిలబడే పేజీలు తిప్పారు. అంత శ్రద్ధగా వాటిని మేము కూడా ఎప్పుడూ చూడలేదు.

"యాభై ఎనిమిది నుంచి నలభై ఆరుకు రావడానికి ఐదేళ్లు పట్టింది. అది మీ పరుగు. ఇక్కడ చూడండి, మార్చి చివర. నలభై ఆరు, నలభై ఆరు, నలభై ఒకటి, వారానికల్లా ముప్ఫై ఎనిమిది. ఇది పరుగు కాదు." వేలు కింది మూలకు జరిపారు. "ఇవేంటి?"

"పరుగుకు పట్టిన టైమ్ సార్."

"ఇవి పెరుగుతున్నాయి కదమ్మా."

రెండు అంకెలూ ఒకే గడిలో, నా చేతిరాతలోనే ఉన్నాయి.

ఆ రోజు గుండెను తాత్కాలికంగా కొట్టించే టెంపరరీ పేసింగ్ వైర్ వేశారు. మూడో రోజు ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. నెల రోజులు ఎడమ చెయ్యి భుజం పైకి ఎత్తకూడదన్నారు. ఇంటికి వచ్చిన మర్నాడు ఐదుంబావుకు ఆయన ఎప్పటిలాగే కుడి చెయ్యి చాపారు. లెక్కపెట్టాను. అరవై. ఆ మర్నాడు అరవై. గుండె అంతకంటే నెమ్మదించకుండా మెషీన్ చూసుకుంటుంది.

"ఎంత?"

"అరవై. రోజూ అరవయ్యే కదండీ."

"తెలుసు. అయినా లెక్కపెట్టు."

లెక్కపెట్టేదాన్ని. క్యాలెండర్‌లో మాత్రం రాయడం మానేశాను. అది ఆయన అంకె కాదని ఇద్దరికీ తెలుసు.

ఆగస్టుకల్లా ఆయన కాలనీ చుట్టూ నాలుగు రౌండ్లు నడిచేవారు. యాదగిరి సైకిల్ నెట్టుకుంటూ పక్కన నడిచేవాడు. డాక్టర్ ఒప్పుకున్నాక ఒక కిలోమీటరు మెల్లగా పరిగెత్తారు కూడా. గండం గడిచిందనుకున్నాం. అక్టోబర్‌లో ఆయాసం మొదలైంది. ఎకోలో గుండె పంపింగ్, వాళ్లు ఈఎఫ్ అనేది, యాభై ఐదు పైన ఉండాల్సింది ముప్ఫై ఐదుకు పడిపోయింది. ఛాతీ స్కాన్, బయాప్సీ చేశారు. టీబీ కాదని తేల్చడానికి మూడు వారాలు పట్టింది. చివరికి సార్కాయిడోసిస్ అన్నారు, ఊపిరితిత్తుల్లో, గుండెలో చిన్న చిన్న వాపు గడ్డలు కట్టే జబ్బట. బ్లాక్‌కీ అదే కారణమై ఉంటుందన్నారు. స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు.

స్టెరాయిడ్స్‌తో ముఖం ఉబ్బింది. షుగర్ పెరిగింది. ఆకలి విపరీతంగా వేసేది. "అన్నా, మొఖం పూరీ లెక్క పొంగింది గదా" అన్నాడు యాదగిరి. ఆ నెలలో ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. మిగతా పరుగు మిత్రులు మొదట్లో శనివారాలు వచ్చేవారు. చెమట బట్టలతో కుర్చీ అంచున కూర్చునేవారు. పరుగు గురించి మాట్లాడవచ్చో లేదో వాళ్లకు తెలియదు. ఇంకేం మాట్లాడాలో అసలే తెలియదు. నెమ్మదిగా రావడం తగ్గింది. వాళ్లను తప్పుపట్టను. నాకూ ఆయనతో ఏం మాట్లాడాలో తెలియని గంటలు చాలా గడిచాయి. ఆయన కిటికీ వైపు, నేను పుస్తకం వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. చాలాసార్లు పేజీ తిప్పేదాన్ని కాదు.

ప్రీతి ఎవరూ చెప్పకుండానే పరుగు మానేసింది. రెండు వారాల తర్వాత ఆయన గమనించారు.

"షూ ఏవి?"

"అటక మీద పెట్టాను డాడీ."

"దించు. నా కోసం కూర్చున్నావా? నేనేమన్నా పారిపోతున్నానా? యాదగిరి అంకుల్‌తో వెళ్లు."

వెళ్లింది. వచ్చాక టైమ్ అడిగి, లేచి వెళ్లి, క్యాలెండర్ కింది మూలన ఆయనే రాశారు. అప్పటి నుంచి అది ఆయన పని.

జనవరిలో ఈఎఫ్ నలభై రెండుకు పెరిగింది. "మందు పనిచేస్తోంది" అన్నారు డాక్టర్. ఫిబ్రవరిలో జ్వరం వచ్చి, రెండు రోజుల్లో న్యుమోనియా అన్నారు. స్టెరాయిడ్స్ వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి తక్కువట. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నారు. లోపలికి వెళ్లనిచ్చినప్పుడల్లా మణికట్టు పట్టుకునేదాన్ని. "మేడమ్, పైన స్క్రీన్ మీద కనిపిస్తుంది కదా" అనేది సిస్టర్. "తెలుసమ్మా" అని లెక్కపెడుతూనే ఉండేదాన్ని. జ్వరానికి నూట పద్దెనిమిది. నూట ఇరవై నాలుగు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నన్నూ ప్రీతినీ లోపలికి పిలిచారు. నా వేళ్ల కింద ఏమీ లేదు. స్క్రీన్ మీద మాత్రం నిలువు గీతలు వస్తూనే ఉన్నాయి. నేను డాక్టర్ వైపు చూశాను.

"అది పేస్‌మేకర్ అమ్మా. మెషీన్ దాని పని అది చేస్తుంది."

నెల తర్వాత ఫైల్ కాగితాల కోసం వెళ్లినప్పుడు కార్డియాలజిస్ట్‌ను ఒక ప్రశ్న అడిగాను. ముప్ఫై ఎనిమిది వచ్చిన రోజునే తీసుకొచ్చి ఉంటే?

"ఆయన పడిపోకముందే పేస్‌మేకర్ పెట్టేవాళ్లం. ఎందుకు వచ్చిందో కొంత ముందుగా వెతికేవాళ్లమేమో. చివరికి ఏమయ్యేదో నాకు తెలియదమ్మా. తెలుసంటే అబద్ధం చెప్పినట్టే."

అందరూ చెప్పిన ఓదార్పు కంటే ఆ జవాబు నాకు ఎక్కువ ఉపయోగపడింది. మావారు జబ్బుతో పోరాడారని సంతాపసభలో చాలామంది అన్నారు. ఆయన మాత్రలు వేసుకున్నారు, పడుకున్నారు, లేచారు, కూతురి టైమ్ రాశారు. నేను చూసింది అంతే.

ఇది జరిగి రెండేళ్లు. ప్రీతి డిగ్రీ చదువుతోంది. శనివారాలు ఐదున్నరకు యాదగిరి గేటు బయట బెల్లు కొడతాడు. లోపలికి రాడు. ఇద్దరూ నేరేడ్‌మెట్ వైపు వెళ్లాక ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. నీళ్ల సీసా నింపి బల్ల మీద పెడతాను. ఏడుంబావు దాకా ఇంకేం పని ఉండదు.

పరుగెత్తేవాళ్లు ఇంట్లో ఉన్నవారికి ఒక్క మాట. నాడి తగ్గడం మంచిదే, ఏళ్ల మీద తగ్గితే. వారాల్లో తగ్గితే, దానితోపాటు పరుగు కూడా నెమ్మదిస్తుంటే, ఎండనూ షూనూ అనకండి. కళ్లు తిరిగేదాకా ఆగకండి. ఆ వారమే వెళ్లి ఈసీజీ తీయించండి. ఐదు నిమిషాల పని. ప్రీతికి నేను ఏటా ఒకసారి తీయిస్తున్నాను.

నాకు ఇప్పటికీ ఐదుంబావుకే మెలకువ వస్తుంది. క్యాలెండర్ గడిలో కింది మూలన ప్రీతి తన టైమ్ తనే రాసుకుంటుంది. పై మూల ఖాళీగా ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి నాడీ లెక్కపెట్టడం లేదు.