ఐదు గుంపుల్లో ఇమడని ఊరు

మూడేళ్ళుగా ఒక వరుసను మోస్తున్నాను. బరువంటే బియ్యం బస్తా ఊహించుకోకండి. కంప్యూటర్లో ఒక ఊరికి సంబంధించిన అంకెల వరుస, అంతే. తుడిచేయడానికి ఒక్క మీట చాలింది. తుడిచాక మోయడానికే నేను చాలడం లేదు.

ఎవరికీ చెప్పలేదు. నేను నోరు విప్పకముందే జనం నవ్వడానికి సిద్ధపడతారు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నర్సీపట్నంలో ఒక మేడమీద గదిలో ఒక్కడినే కూర్చుని, ఎవరెవరో పంపిన సర్వేలను విశ్లేషిస్తుంటాను. ఇంటి ఓనరు దృష్టిలో నిరుద్యోగిని. ఒక స్వచ్ఛంద సంస్థ కొయ్యూరు వైపు కొండ ఊళ్ళకు వైద్యం వ్యాను నడపాలనుకుంది. వారానికి ఐదు రోజులు, అంటే ఐదు గుంపులు. దూరం, దారి, జబ్బులు చూసి ఒకదానికొకటి పోలిన ఊళ్ళను ఒక గుంపులో వెయ్యడం నా పని. క్లస్టర్ ఎనాలసిస్ అంటారు. నా సాఫ్ట్‌వేర్‌లో దానికి రెడీమేడ్ ప్రొసీజర్ ఉంది. నేను డబ్బు కట్టిన లైసెన్సులో అది లేదు.

ప్రత్యామ్నాయాలు వెతికాను. ఉచితంగా దొరికేది ఒకటి. ఎవరో రాసిపెట్టిన కోడ్ ఇంకొకటి. చివరికి నేనే రాసుకున్నది. మూడూ మూడు దారుల్లో వెళ్ళి ఒకే మాట చెప్పాయి: ఒక ఊరు దేనితోనూ కలవదు. వాగు అవతల, రోడ్డు లేకుండా, అదొక్కటే ఒక గుంపు. ఒక్క ఊరికి ఒక రోజంతా ఇచ్చి, మిగతావన్నీ నాలుగు రోజుల్లో కుక్కాలి. పటం చూడ్డానికి అసహ్యంగా వచ్చింది.

ఆ మాటే సంస్థవాళ్ళకు చెప్పి ఉండొచ్చు. నిర్ణయం వాళ్ళది. నేను నాలుగో ప్రత్యామ్నాయం కనిపెట్టాను: ఆ వరుస తీసేశాను. ఐదు గుంపులూ ముచ్చటగా వచ్చాయి. రిపోర్టు అడుగున ఒక వాక్యం చేర్చాను: సమాచారం అసంపూర్ణంగా ఉన్నందువల్ల ఒక ఊరిని పరిగణించలేదు. పటం చాలా బాగుందన్నారు.

ఎందుకలా రాశాను? బద్ధకమా? కాదు, బద్ధకస్తుడు మూడు పద్ధతులు ప్రయత్నించడు. పటం అందంగా ఉండాలంటే ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి, ఆ ఎవరో నేను కాకూడదు. ఆ ఎవరో ఒకరికి పేరుంటుందని అప్పుడు తట్టలేదు. అబద్ధం. తట్టింది. ఆ ఊరి సర్వే ఫారం కింద సంతకం ఉంది.

లోవమ్మ. ఆ ఊరి కోడలు, అక్కడ సర్వే చేసినామె. ఫారం సగంలో వదిలేశావని సంస్థవాళ్ళు ఆమెను మందలించారు. వారం తర్వాత బస్సెక్కి వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది.

"బాబూ, నానేటి వదిలీసినాను? సూపించు."

ఏమీ వదల్లేదమ్మా అనాలి. రెండు మాటలు.

"కంప్యూటర్‌కి నీ రాత నచ్చలేదు లోవమ్మా. దానికి పొగరెక్కువ" అన్నాను.

నవ్వింది. "మా మావనాగే ఉన్నాదిది. ఆడికీ నాను సేసిందేటీ నచ్చదు. కొత్త కాయితం ఇయ్యి బాబూ, మళ్ళీ రాసిత్తాను. బేగి అయిపోద్ది. బండి మటుకు మా ఊరు రావాల."

నా గది గచ్చుమీద కూర్చుని, పాత ఫారం పక్కన పెట్టుకుని, అంతా తిరిగి రాసింది. ఈసారి ప్రతి అక్షరం గుండ్రంగా, ప్రతి అంకె విడివిడిగా. రెండు గంటలు. టీ తెప్పించాను. అంత నీచమైన టీ నేనెవరికీ ఇవ్వలేదు.

"ఇప్పుడు నచ్చుద్దేటి?" అంది లేస్తూ.

"చూద్దాం" అన్నాను. ఆమె మెట్లు దిగాక కాగితాన్ని సొరుగులో పెట్టాను.

వ్యాను రెండేళ్ళు తిరిగింది, ఆ ఊరికి తప్ప. తర్వాతి సర్వేకి లోవమ్మను పిలవలేదు. ఇప్పుడు వ్యానూ ఆగిపోయింది, సరిదిద్దడానికి నాకొక రిపోర్టు కూడా మిగల్లేదు.

వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. ఒకసారి బయల్దేరాను. సగం దారిలో, గొలుగొండలో బస్సు దిగి వెనక్కి వచ్చేశాను. ఆమె తిడుతుందని భయం కాదు. నేను నిజం చెబుతుంటే ఇది కూడా జోకే అనుకుని నవ్వుతుందేమోనని.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. క్షమించమని కాదు, మీకా హక్కు లేదు, నాకు అడిగే ముఖం లేదు. ఆ రిపోర్టులోని వాక్యం బదులు ఒక్క నిజమైన వాక్యం రాస్తే కాస్త ఊపిరి ఆడుతుందేమోనని.

లోవమ్మ ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. మొదటిసారీ లేదు.