నప్పి ఊరేదాకా

నేను పుట్టింది రంగూనులో, మెట్టింది మైపాడులో. మధ్యన ఉన్నది ఒక్క సముద్రమే కదా, అదేం దూరమని పెళ్ళికి ముందు మా నాన్న నచ్చజెప్పాడు. ఆయన రంగూను రేవులో కూలీల మేస్త్రీ. సముద్రాన్ని వీధిలా చూడటం ఆయనకు అలవాటు. మైపాడులో ఉన్న సొంత అక్క కొడుక్కే, మా బావకే, నన్నిచ్చాడు. యాభైల ఆఖర్లో నేను మద్రాసులో ఓడ దిగి, రైలెక్కి, బస్సెక్కి ఇక్కడికి చేరేసరికి ఊరంతా వచ్చి చూసింది. "సొంత దేశం వచ్చేసినావు గదమ్మా, అదృష్టం" అన్నారు. నాకు మాత్రం అదే పరదేశం. ఆ ముక్క ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు ఎక్కడ అన్నం తిన్నామో నాలుకకు అదే స్వదేశం. మిగతా ఒంటికి కాగితాలు రాయించి తేవచ్చు గానీ నాలుకకు ఎవరూ రాయలేరు.

నాకు నప్పి కావాలి. అదీ నా గోడు.

నప్పి అంటే ఏమిటో చెప్పడం కష్టం, చూపించడం ఇంకా కష్టం, వాసన చూపిస్తే ఇక చుట్టరికమే ఉండదు. సన్న రొయ్యపొట్టుకు ఉప్పు పట్టించి, సగం ఎండబెట్టి, దంచి, కుండలో కుక్కి ఊరబెడతారు. మూడు వారాలకు అది వంకాయ రంగు ముద్దవుతుంది. కాస్త ముద్ద తీసి ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చి, ఎండు మిరపకాయలూ వెల్లుల్లీ వేసి నూరి, నిమ్మకాయ పిండుకుని, పచ్చి దోసకాయ ముక్కలు అద్దుకుంటూ అన్నంలోకి తింటారు. బర్మా వాళ్ళిళ్ళలోనే కాదు, రంగూనులో మా తెలుగువాళ్ళ వాడలోనూ అది లేని పూట లేదు. అన్నిటితోనూ నప్పుతుంది కాబట్టి నప్పి అయిందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నెల్లూరు జిల్లాలో అది దేనితోనూ నప్పలేదు.

మైపాడులో చేపకు కరువని కాదు. మా అత్త మామిడికాయ వేసి కాచిన పులుసు పొద్దున్నే చద్దన్నంలోకి వేసుకుంటే పొయ్యిలో పిల్లి కూడా లేచి కూర్చునేది. అంత రుచి. నేనూ తినేదాన్ని. తిన్నాక నాలుక మళ్ళీ అడిగేది, "ఇది సరే, మరి అదో?" అని. కడుపు నిండినా నోరు నిండేది కాదు.

పోనీ అడుగుదామంటే అడగవలసిన మనిషి మా అత్త. ఆమె రోజూ తొలి బస్సుకు గంప ఎత్తుకుని నెల్లూరు వెళ్ళి చేపలు అమ్మేది. ఆమె గంపలో చేప పొద్దెక్కాక కూడా అలల లెక్క చెబుతుందని ఊళ్ళో అనేవాళ్ళు. మొప్ప కొంచెం రంగు తిరిగితే చాలు, ఆ చేపను కుక్కలకు వేసేది గానీ గంపలో వేసేది కాదు. "మురిగిన సరుకు" అనేది ఆమె నోట అన్నిటికన్నా పెద్ద తిట్టు. పనికిమాలిన అల్లుళ్ళనూ, మాట తప్పిన పెద్దమనుషులనూ ఆమె ఆ తిట్టే తిట్టేది. అలాంటి మనిషి దగ్గరకు పోయి, "అత్తా, రొయ్యలు మురగబెట్టుకుని తింటాను, కుండ ఇయ్యి" అని ఎలా అడగను?

అమ్మకు ఉత్తరం రాశాను. అమ్మ ఒక డబ్బా నిండా నప్పి పెట్టి, ఓడలో వస్తున్న తెలిసినాయన చేతికిచ్చి పంపింది. మూడో రోజుకు డబ్బా మూత ఉబ్బిందట. తోటి ప్రయాణికులు డబ్బానైనా సముద్రంలో వేయమన్నారట, ఆయన్నైనా వేస్తామన్నారట. ఆయన తెలివైనవాడు, డబ్బానే వేశాడు. మద్రాసు నుంచి రాసిన కార్డులో ఇదంతా రాసి, చివర "క్షేమం" అని కూడా రాశాడు.

ఆ కార్డు వచ్చిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. అంట్లు సగం తోమి ఒడ్డుకు పోయేదాన్ని, ఒడ్డు నుంచి ఇంటికి, ఇంటి నుంచి చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బకు. వాసనకు పోయేదాన్ని. నిజం చెప్పడానికి ఇప్పుడు సిగ్గేముంది, పడవల దగ్గర పారేసిన చెత్త రొయ్యల కుప్ప పక్కన నిలబడి ఊపిరి పీల్చేదాన్ని. అక్కడ కళ్ళు మూసుకుంటే రంగూను సందు చివర వరకూ వచ్చేది, అంతలో ఏదో ఒక కాకి అరిచి పాడు చేసేది.

ఒకరోజు అలా కళ్ళు మూసుకుని నిలబడి ఉండగా అత్త చూసింది. నెల్లూరు నుంచి వచ్చి, ఖాళీ గంప చంకన పెట్టుకుని, నా వెనకే ఎంతసేపుగా ఉందో తెలియదు.

"ఏంది మే, ఈ కుళ్ళు వాసన పీలస్తా నిలబడినావు?"

నేను కళ్ళు తెరిచి పక్కకు జరిగాను.

"నిన్న పులుసు కూడా సగంలో వదిలేసినావు. కాలు కాలిన పిల్లి మాదిరి తిరగతా ఉండావు. ఉండు, ఉండు. ఈ నెల బయట కూర్చోలేదు గదా నువ్వు?"

మా ఆచారం ప్రకారం ఆడవాళ్ళు నెలకు నాలుగు రోజులు ఇంటి బయట పంచలో విడిగా కూర్చోవాలి. నేను కూర్చోవలసిన రోజు దాటి పన్నెండు రోజులైంది. అత్తకు అది వార్త. నాకు కాదు. నా నెలలు మొదటి నుంచీ నాలాగే నిలకడ లేనివి. ఒకసారి నలభై రోజులు, ఒకసారి యాభై. అమ్మ అయితే అడిగేదే కాదు. ఇది కడుపేమీ కాదని నాకు పన్నెండణాల వంతు తెలుసు. మిగిలిన నాలుగణాల వంతు చాటున దాక్కుని నేను తల వంచాను.

మా వాళ్ళలో కొత్త కోడలు తల వంచితే అవునని అర్థం. కాదంటే నోరు తెరిచి చెప్పాలి. నేను నోరు తెరవలేదు.

అత్త గంప ఇసకలో పడేసి నా రెండు బుగ్గలూ పట్టుకుంది. చేతులు చేపల వాసన. "నా తల్లే! చెప్పవేంది? నోటికి ఏం కావాలంటా ఉండాది? అడుగు. కడుపుతో ఉన్న పిల్ల కోరింది పెట్టకపోతే బిడ్డకి చెవులు కారతాయి."

నేను అడిగాను.

అత్త మొహం చూడవలసిందే. ఆమె రెండు సార్లు మింగింది. తర్వాత, "మురగబెట్టి?" అంది.

"ఊరబెట్టి, అత్తా."

"మాటేదైనా వాసన ఒకటే గదా," అంది. కానీ మర్నాడే పడవల దగ్గర తానే నిలబడి సన్న రొయ్య ఏరి తెచ్చింది. రెండు రోజులు నేను ఎండబెట్టి, దంచి, కొత్త కుండలో కుక్కి, మూతికి గుడ్డ కట్టి దొడ్లో తాటాకు పాక వెనక పెట్టాను. ఇరవై రోజులు కావాలి. నా ఒళ్ళు ఇరవై రోజులు ఆగాలి. కుండ ముందు పండుతుందా, అబద్ధం ముందు పండుతుందా అన్నదే ఇక నా బతుకు.

అబద్ధం చెప్పినవాళ్ళకు సుఖం ఉండదంటారు గానీ నన్ను సుఖమే చంపింది. బిందె ఎత్తనిచ్చేవాళ్ళు కాదు. మిట్టమధ్యాహ్నం ఒడ్డుకు పోనిచ్చేవాళ్ళు కాదు. ఎదురింటి అక్క పచ్చి చింతకాయలు తెచ్చింది, ఇంకో ఇంటి నుంచి అరిసెలు వచ్చాయి. కదలకుండా కూర్చోమన్నారు. కదలకుండా కూర్చోవడం నాకు పుట్టుకతో రాదు. కూర్చుని కాలు ఊపేదాన్ని. కాలు ఊపితే బిడ్డకు మంచిది కాదని అదీ ఆపించారు. అత్త తెల్లవారుజామున లేచి, గంప కట్టుకోక ముందే, మంచినీళ్ళ బావి దగ్గర నుంచి నా వంతు రెండు బిందెలూ తనే మోసుకొచ్చేది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఇసకలో ఆమె అడుగు పడే చప్పుడు నేను పడుకుని వినేదాన్ని. లేచి చెప్పేద్దామనుకునేదాన్ని. మళ్ళీ కుండ గుర్తొచ్చేది. పోలేరమ్మకు కోడిని కూడా మొక్కిందని తెలిసినప్పుడు ఆ కోడి దొడ్లో కనిపించినప్పుడల్లా నేను మొహం తిప్పుకునేదాన్ని.

పదో రోజుకు కుండ మాట్లాడటం మొదలుపెట్టింది. ఊరి కుక్కలు దొడ్డిచుట్టూ కొలువు తీరాయి.

"మనింట్లో ఏందో సచ్చిందమ్మా," అన్నాడు బావ వల భుజాన వేసుకుంటూ.

"నోరు ముయ్యరా. అది నీ బిడ్డ కోరిక."

"నా బిడ్డకి ఇదేం కోరిక? పుట్టకముందే ఊరిని ఖాళీ చేయించేటట్టుండాడు."

"నువ్వు నా కడుపున ఉన్నప్పుడు నేను పుట్టమన్ను తిన్నా. అందుకే నీ బుర్ర అట్టుండాది. పో, పో."

ఆ మాటకు నేనూ నవ్వాను. తర్వాత ఎదురింటి అక్క చెప్పిన సంగతికి నవ్వు రాలేదు. నెల్లూరులో అత్త ఇరవయ్యేళ్ళుగా చేపలు వేసే ఇంటి ఆవిడ ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, ఈరోజు సరుకు నిన్నటిదా?" అని అడిగిందట. ఆ మాట పడ్డ మనిషి ఇంటికొచ్చి నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు నుంచి బస్సుకు పోయే ముందు రెండుసార్లు స్నానం చేసేది, అంతే. ఎండలకు కాబోలు అని నేను అప్పటిదాకా అనుకున్నాను.

పదహారో రోజు పొద్దున నా ఒంటికి తెలిసింది.

అత్త అప్పటికే బస్సెక్కింది. బావ దొడ్లో వల సర్దుతున్నాడు, గంటలో పడవ సముద్రంలోకి దిగాలి. నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పుకోదగ్గది కాదు. నాలుగు రోజులు. నాలుగే రోజులు ఎలాగో దాచిపెడితే నప్పి చేతికొస్తుంది. బట్టలు సముద్రంలో ఉతుక్కోవచ్చు. మొహం మామూలుగా పెట్టడం అప్పటికి బాగా వచ్చేసింది.

అప్పుడు బావ పిలిచాడు. "ఏమే, ఈ వల కొస పట్టుకో, మడతేయాల."

బయట ఉండవలసిన ఆడది వల తాకితే సముద్రం మీద మగవాడికి ఆపద అని నేను వచ్చిన వారంలోనే అత్త నాకు చెప్పింది. రంగూనులో పుట్టినదాన్ని, లోపల నవ్వుకున్నాను అప్పుడు. ఇప్పుడూ నమ్మినట్టు కాదు. వల కొస నా ముందు చాచి నిలబడి ఉన్నాడు. ఆకాశం కొంచెం మబ్బుగా ఉంది. చేయి ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి వచ్చేసింది.

"తాకను బావా," అన్నాను. పోయి పంచలో, బయట, చాప వేసుకుని కూర్చున్నాను.

అతను ఏమీ అడగకుండా వల ఒక్కడే మడిచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బస్సుకు అత్త వచ్చింది. గంపలో నాకోసం గూడూరు నిమ్మకాయలు తెచ్చింది, నప్పిలోకి పిండుకోవడానికి. దూరం నుంచే నన్ను చూసింది, నేను కూర్చున్న చోటు చూసింది, అక్కడే ఆగింది.

"ఎప్పుడు?"

"పొద్దున."

ఆమె కళ్ళు నిండాయి. "ఏడవబాక. నీళ్ళు మారినాయి గదా, తొలిసారి ఇట్టా పోతాయి కొందరికి..." అంటూ ఓదార్చబోయింది. కడుపు పోయిందనుకుంటోంది. మళ్ళీ ఒకసారి తల వంచితే చాలు, అంతా గట్టెక్కుతుంది. అంత సులువైన అబద్ధం నాకు జీవితంలో మళ్ళీ దొరకలేదు.

"లేదత్తా. మొదటి నుంచీ లేదు. నాకు తెలుసు."

తిట్టు కోసం ఎదురుచూశాను. ఆ పెద్ద తిట్టే వస్తుందనుకున్నాను. "పదహారు రోజులు నీళ్ళు మోసినా గదే," అంది. నిమ్మకాయలు నాకు దూరంగా నేలమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

నాలుగు రోజులు కంచం పెట్టింది, మాట పెట్టలేదు. ఊరుకోలేక నేను చాప మీద అటూ ఇటూ దొర్లేదాన్ని, కొబ్బరి ఈనెలు లెక్కపెట్టేదాన్ని. ఎదురింటి అక్కా ఇంకో ఇద్దరూ వచ్చి వాకిట్లో గుసగుసలాడారు. "కడుపన్నావు గదక్కా, ఏమయింది?" అని ఒకామె అడగనే అడిగింది.

లోపల నుంచి అత్త గొంతు వచ్చింది. "నేనే లెక్క తప్పినా. ముసిలిదాన్ని. పోండి, పనుల్లేవా మీకు?"

పంచలో కూర్చుని నేను విన్నాను. ఆమె లెక్క ఏనాడూ తప్పలేదని ఆ ఊరందరికీ తెలుసు.

అయిదో రోజు తలంటుకుని దొడ్లోకి పోయాను. కుక్కలకు పారేసి ఉంటుందనుకున్నాను. కుండ అక్కడే ఉంది. రోజూ గుడ్డ విప్పి, అదిమి, ఎండలో పెట్టి మళ్ళీ కట్టకపోతే నప్పి బూజు పడుతుంది. నాలుగు రోజులు నేను తాకలేదు. అయినా బూజు లేదు. మూతికి ఉన్న ముడి నాది కాదు, వల కట్టేవాళ్ళు వేసే ముడి.

ముద్ద తీసి కాల్చాను. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. మొదటి ముద్ద రంగూనులో పడింది. రెండోది మైపాడులోనే పడింది.

అత్త చూపుడు వేలితో ఇంత తీసి నాలుకకు రాసుకుంది. మొహం చిట్లించి వాకిట్లోకి పోయి ఉమ్మొచ్చింది.

"దీనికోసమా మే, నాకు మనవణ్ణి చూపించినావు?"

బిందెలు రెండూ తీసుకుని బావికి నడిచాను. ఆమె ఆపలేదు.

ఏడాది దాటాక నిజంగానే నెల తప్పింది. మూడో నెల నిండేదాకా నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినా అత్త నమ్ముతుందన్న నమ్మకం లేక. చివరికి ఒక సాయంత్రం, ఆమె గంప కడుగుతుండగా, తల వంచకుండా నోటితోనే చెప్పాను. అత్త గంప బోర్లించింది, చేతులు తుడుచుకుంది, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఈసారి ఏం కావాలంట?"

"ఏమీ వద్దత్తా," అన్నాను. రంగూనులో నంజుకు తినడానికి ఊరబెట్టి అమ్మే టీ ఆకు మీదికి మనసు పోయి అప్పటికి నెలయింది.