అవ్వ విప్పిన దెబ్బలు

మా చిన్నతనం బంగారు కాలమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అరవైల్లో మా భువనగిరిలో బంగారం ఎక్కడుందో నాకు తెలియదు గానీ, అన్యాయం మాత్రం వీధి వీధిలో ఉండేది. ఇప్పుడు మనవళ్లు టీవీ ముందు కూర్చుని ఫలానా ఆటగాడు జీవితం మొత్తంలో ఇన్ని పరుగులు చేశాడు, అది రికార్డు, దాన్ని ఎవడూ చెరపలేడు అని వాదించుకుంటుంటే నేను లేచి అవతలికి పోతాను. రికార్డును ఎవడూ చెరపలేడట! నా రికార్డును మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, ఒక్క మధ్యాహ్నంలో గోటితో చెరిపేసింది. అదీ క్రికెట్టు రికార్డు కాదు, మా జిల్లాలో అంతకు ముందు ఎవరూ ఆడని, ఆ తర్వాత కూడా ఎవరూ ఆడని బేస్‌బాల్ రికార్డు.

ఆ ఆటను తెచ్చినవాడు అమెరికా నుంచి వచ్చిన ఒక పడుచువాడు. మా చుట్టుపక్కల ఊళ్లలో మేలు జాతి కోళ్లను పెంచడం నేర్పడానికి వచ్చి, బజారులో ఒక మేడగది కిరాయికి తీసుకుని ఉండేవాడు. మనిషి తాడిచెట్టంత ఉండేవాడు కనుక ఊరంతా పొడుగు దొర అనేది. కోళ్ల సంగతి ఏమైందో గానీ (చాలా కోళ్లు ఆ ఎండాకాలంలోనే చచ్చాయి) సాయంత్రం కాగానే ఖిల్లా గుట్ట కింది మైదానంలో మమ్మల్ని పోగేసి, తన దేశపు ఆట నేర్పేవాడు. తెలుగును ఏదో పుస్తకంలో నేర్చుకున్నాడు. చెడ్డీలు వేసుకునే మమ్మల్ని పట్టుకుని "దయచేసి వేగముగా పరుగిడుడు" అనేవాడు. మొదటి రోజు నేను చెండును బలంగా కొడితే, ఆయన చేతులూపి "హోం, హోం" అని కేకేశాడు. హోం అంటే ఇల్లని నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి కదా! పద్మశాలి వాడలో ఉన్న మా ఇంటికి ఆగకుండా ఉరికి, కుండలో నీళ్లు తాగి కూర్చున్నాను. మైదానం చుట్టి వచ్చి ఆగాల్సిన, గోనె సంచి పరిచిన చోటును హోం అంటారని మర్నాడు చెప్పారు. ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయేదో!

మా దగ్గర బ్యాటు ఒక్కటే. దొర తన దేశం నుంచి తెచ్చుకున్నది, నున్నగా, తేనె రంగులో ఉండేది. చెండును మాత్రం నేనే చేసేవాణ్ణి. మా మగ్గం దగ్గర మిగిలిన నూలు పీచును బిగించి చుట్టి, మోచీ దగ్గర పైన తోలు కుట్టిస్తే దొర అచ్చం తమ దేశపు చెండులా ఉన్నదని మురిసిపోయాడు. వాళ్ల దేశంలో ఒక లావుపాటి ఆటగాడు ఉండేవాడని, అతను జన్మంతా ఎన్ని కొట్టాడో అక్కడి పిల్లలు మన ఎక్కాల్లా అప్పజెప్తారని ఆయన చెప్పాడు. అట్లాగే మీరూ మీ లెక్క పెట్టుకోండి, నేను వెళ్లిపోయే నాటికి ఎవరి లెక్క ఎక్కువగా ఉంటే వాళ్లకు ఈ బ్యాటు బహుమానం అన్నాడు. కొట్టడానికి ఆయన పుస్తకంలో ఉన్న మాట 'దెబ్బ'. "అత్యధికమైన దెబ్బలు ఎవరివో వారికే" అన్నాడు. నా కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

లెక్క ఎట్లా పెట్టాలన్నది సమస్య. బొగ్గుతో గోడ మీద గీతలు గీస్తే వాన కడిగేసింది. అప్పుడు ఆ గొప్ప ఉపాయం చెప్పింది నేనే (ఎవరు చెప్పమన్నారు నన్ను!). ప్రతివాడికీ ఒక రంగు నూలు పోగు. మంచి దెబ్బ కొట్టిన రోజు అందరి ముందూ పోగుకు ముడి వేయాలి, ఎన్ని దెబ్బలో అన్ని ముళ్లు. నాది ఎరుపు. నాకు పోటీ ఇచ్చినవాడు ఒక్కడే, కిరాణా దుకాణం వాళ్ల అబ్బాయి. బడి లేనప్పుడు తండ్రి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు కనుక వాణ్ణి గల్లా అనేవాళ్లం. వాడికి ఆకుపచ్చ పోగు. ఆ పోగును మా ఇంట్లోంచి తెచ్చి ఇచ్చింది కూడా నేనే. తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

నా పోగును మగ్గం గుంజకు కట్టి ఉంచేవాణ్ణి. ఒకరోజు అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. నేతపని చేసే ఇంట్లో ముడి పడ్డ పోగంటే అన్నంలో రాయి.

"గీ ముళ్లేంది బిడ్డా, మంచి పోగును ఖరాబు చేస్తున్నవ్?"

"దెబ్బలవ్వా. దెబ్బకో ముడి."

"యాడియిరా దెబ్బలు?"

"దొర దగ్గరియి" అని చెప్పి ఆటకు ఆలస్యమవుతోందని ఉరికాను.

ఆనాటి నుంచి అవ్వ పోకడ మారింది. రాత్రి పడుకోబోయే ముందు నువ్వుల నూనె వెచ్చజేసి నా వీపుకు రాసేది. ఎక్కడ నొస్తాందని అడిగేది. ఉరుకులాటకు కాళ్లు నొస్తాయి గానీ వీపెందుకు నొస్తుందని నాకు చిరాకు. ఇవాళ చాలా దెబ్బలు పడ్డాయని నేను ఎగురుకుంటూ వస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయేది. ఒక్క దెబ్బా పడలేదని ముఖం వేలాడేసుకుని వస్తే మాత్రం సంబరపడి చేతిలో బెల్లం ముక్క పెట్టేది. నేను ఓడిన రోజున నా సొంత అవ్వ పండుగ చేసుకుంటోందని నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. ఆ బెల్లాన్ని కోపంగానే తినేవాణ్ణి. ఒకసారి దొర మా ఇంటికి దుప్పటి కొనడానికి వస్తే ఆయన ముఖం మీదే తలుపేసింది. బాపు తల దించుకుని వెనక తలుపులోంచి పోయి ఆయనకు దుప్పటి ఇచ్చి వచ్చాడు.

దొర వెళ్లే రోజు వచ్చింది. నా ఎర్ర పోగులో ముళ్లున్న మేర, గల్లాగాడి పోగు కన్నా బెత్తెడు ఎక్కువ. అందరికీ తెలుసు. బ్యాటు నాదే. సాయంత్రం మైదానానికి పోదామని గుంజ దగ్గరికి వెళ్తే పోగు ఉంది, ముళ్లు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. పైగా వంకరలు కనిపించకుండా గంజి పెట్టి, సాగదీసి, ఆరబెట్టి ఉంది. అప్పుడే మగ్గం అచ్చులోంచి తీసిన పోగులాగా నిగనిగలాడుతోంది. నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది, గోళ్ల చివర్లు ఎర్రగా కంది ఉన్నాయి.

"అన్నీ ఇప్పిన బిడ్డా. ఇంగ నీ మీద ఒక్క దెబ్బ లేదు. నాకు అవ్వ ఉన్నదని చెప్పు పో, ఆ దొరకు."

అర్థమైంది. కానీ కోపం పోలేదు, ఇంకా పెరిగింది. మైదానంలో పోగు చూపించి ఎంత మొత్తుకున్నా గల్లాగాడు ముళ్లు చూపించమన్నాడు. వాడి పోగు భద్రంగా ఉంది. వాళ్లింట్లో మేకుకు వేలాడే పోగు నున్నగా ఉందో ముళ్లు పడి ఉందో చూసేవాళ్లెవరు? మా వాడ పిల్లలంతా నా దెబ్బలకు సాక్షులే. కానీ వాడి జేబులో పుట్నాలున్నాయి, వీళ్ల నోళ్లలో కూడా పుట్నాలే ఉన్నాయి. నోరు తెరిచి సాక్ష్యం చెప్పేదెట్లా? దొర నా భుజం మీద చెయ్యి వేసి "మిక్కిలి చింతించుచున్నాను" అని, బ్యాటును గల్లాగాడి చేతిలో పెట్టాడు. నీ చింత ఎవడికి కావాలయ్యా!

ఇంటికొచ్చి ఏడ్చుకుంటూ అంతా చెప్పాను. అవ్వ ఓపిగ్గా విని, ఆ దెబ్బలు నువ్వే కొట్టినవా, ఎవలనురా అని అడిగింది. చెండును అన్నాను. చెండును కొట్టినందుకు ఎవడన్న ముడేసుకుంటడా అని నన్నే తిట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయినా రాత్రి వీపుకు నూనె రాస్తుంటే మాత్రం వద్దనలేదు. గల్లాగాడు ఆ బ్యాటుతో ఒక్క రోజూ ఆడలేదు. వాళ్ల నాయిన దాన్ని దుకాణంలో బెల్లం దిమ్మలు పగలగొట్టడానికి పెట్టుకున్నాడు. అవ్వ ఆ దుకాణం నుంచే బెల్లం తెచ్చి నన్ను బుజ్జగించేది. నా బ్యాటుతో పగలగొట్టిన బెల్లం! అదీ తిన్నాను.

తర్వాత ఉద్యోగంలో, బతుకులో నిజం దెబ్బలే చాలా తిన్నాను. వాటికెవరూ ముళ్లు వేయలేదు, విప్పనూ లేదు. ఇప్పటికీ ఇంట్లో ఎర్ర నూలు పోగు దొరికితే నా వేళ్లు వాటంతటవే ఒక ముడి వేస్తాయి. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని విప్పబోతాను. ఎంతసేపటికీ రాదు. ఒక్క ముడికే నాకింత తిప్పలైతే, ఆ ముసలి కళ్లతో ఆమె అన్నీ ఎట్లా విప్పింది? అని విసుక్కుంటూ ఉంటే మా ఆవిడ వచ్చి చూసి, ఎవరి మీద ఆ కోపం అని అడుగుతుంది. మా అవ్వ మీద అంటాను. నవ్వుతున్నానని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు.