దయ్యం వీపు

నేను చూసిన మొదటి సినిమాలో ఒక దయ్యం ఉంది. ఆ సినిమా పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆ బొమ్మ జహీరాబాద్ చేరేసరికే పాతబడిపోయి, రీలు మొదటి ముక్క తెగిపోయి, పేర్లు పడకుండానే మొదలైంది. తరువాత ఎందరినో అడిగాను. చూశామన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

అప్పటికి నేను కోహీర్ నుంచి కోడలిగా వచ్చి రెండు నెలలు. జొన్న కోసిన చేనులో డేరా టాకీసు వేశారని వినగానే నాకు కాలు నిలవలేదు. అడగడానికి మాత్రం నోరు రాలేదు. మా అత్త ముందు గిన్నె చప్పుడైనా తప్పే. చివరికి మా ఆయనే మాట కదిపాడు. దయ్యం బొమ్మ అనగానే ఆమె మొహం ముడుచుకుంది. డేరాలో తెర గుడ్డకు ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు కూర్చుంటారని, ఆ తెరే పరదా అని ఆయన చెప్పాక కాసేపు ఆలోచించింది.

"అట్లయితె దాని మొకం మొగోళ్ళ దిక్కుంటది. మనకు వీపే కనవడ్తది. వీపుకేం భయం," అని ఒప్పుకుంది. నాకూ అది సబబుగానే తోచింది. మేమిద్దరం అంతకుముందు బొమ్మ చూసినవాళ్ళం కాదు. "గని పిల్లా, నువ్వు ఒక్క కేక పెట్టినవంటె లేసి ఇంటికొస్తం. మల్ల టాకీసు పేరెత్తొద్దు," అని షరతు పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు వెళ్ళి చాప పరుచుకున్నాం. బొమ్మ మా వైపుకు కూడా కనబడాలని ఒకతను తెర మీద నీళ్ళు చల్లాడు. తడి గుడ్డ వాసన, అవతల ఇంజను మోత, మా అత్త ఒళ్ళో వేయించిన పల్లీలు. కేక రాకుండా నేను ముందే కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయని మాకెవరికీ తెలియదు. బొమ్మలో ఒక పడుచు పిల్ల ఎడమ చేత్తో అన్నం తింటుంటే మా వైపంతా గుసగుసలు. "గిట్ల తింటె దయ్యం పట్టదా మరి," అని మా అత్త తీర్పు చెప్పేసింది.

ఇంతలో పాడుబడ్డ కోటలో తలుపు తెరుచుకుంది. జుట్టు విరబోసుకున్న ఆకారం ఒకటి అటు తిరిగి నిలబడింది. నిజంగానే వీపు. చెప్పలేదా అన్నట్టు మా అత్త నా వైపు చూసి, తీరిగ్గా ఒక పల్లీ నోట్లో వేసుకుంది. అప్పుడది మెల్లగా ఇటు తిరిగింది. అదే సమయానికి గాలికి తెర మా మీదికి ఉబ్బింది.

డేరా దద్దరిల్లేలా కేక. పల్లీలన్నీ చాప మీద. ఆ కేక నాది కాదు. మా అత్త నా మోచేతిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. తెర అవతల మగవాళ్ళు నవ్వుతున్నారు. ఇక నా సినిమా అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చినంత పనైంది. నోట్లోంచి కొంగు తీసి, "లేద్దామా అత్తమ్మా," అని అడిగాను.

"ఎందుకు?" అంది కళ్ళు తెరవకుండానే. "నువ్వు కేక పెట్టలేదు గద. కూసో. ఏమైతుందో నాకు చెప్పు."

చెప్పాను. చివరిదాకా ఆమె చెవిలో చెబుతూనే ఉన్నాను. రెండు నెలలుగా ఆమెతో మాట్లాడని మాటలన్నీ ఆ పూటే మాట్లాడేశాను. దయ్యం వచ్చిందని చెప్పినప్పుడల్లా ఆమె నా చెయ్యి నొక్కేది. నాకు భయం కన్నా సంతోషమే ఎక్కువైంది.

ఇంటికి నడుస్తున్నప్పుడు కూడా చెయ్యి వదలలేదు. మా వీధి మలుపు దాకా ఏదో ఆలోచిస్తూ వచ్చి, అప్పుడంది: "మనం ఎనక కూసున్నమని దానికి తెలిసిపోయింది, గందుకే గిటు తిరిగింది. రేపు ముందలికి పోయి మొగోళ్ళ దిక్కు కూసుందం. అప్పుడు వీపే కనవడ్తది."

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె ముందు నేను గట్టిగా నవ్వింది అదే మొదటిసారి. ఆమె తిట్టలేదు.

"రేపటికి జర పల్లీలు ఎక్కువ ఏంచు," అంది.