రిబ్కా టీచరు జర్మన్ పీరియడ్

రిబ్కా టీచరు దగ్గరికి నేను మొదటిసారి వెళ్లింది మా వాడికి ఆమె క్లాసు వద్దని చెప్పడానికి. నింపిన ఫారం కూడా నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

తెనాలిలో మా ఫరూక్ చదివే బడిలో ఆ ఏడు యూకేజీ నుంచే జర్మన్ పెట్టారు. దసరా సెలవుల దాకా అందరికీ చెబుతారు. ఆ తరవాత వద్దనుకున్నవాళ్లు రాసిస్తే పిల్లల్ని ఆ పీరియడ్‌లో బొమ్మల గదిలో కూర్చోబెడతారు. జూన్‌లో జరిగిన తల్లిదండ్రుల మీటింగులో ప్రిన్సిపాల్ జాన్ బాబు గారు ఈ సంగతి చెప్పగానే నేను లేచాను.

"ఏంటి సార్, అ ఆలు దిద్దని పిల్లలకి జర్మనా?"

"ఇప్పుడైతే నాలుక ఎటు తిప్పితే అటు తిరుగుతుందమ్మా. మన వయసొచ్చాక తిరగదు."

నా వెనక కూర్చున్న దుగ్గిరాల పసుపు వ్యాపారి అందుకున్నాడు. "తిరగనివ్వండి సార్. కాకపోతే మావాడు రేపు జర్మన్‌లో తిట్టినా దీవించినా మేం నవ్వుతూనే ఉండాలి."

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫరూక్‌కి అయిదేళ్లు నిండాయి. రెండు మాటలు కలిపి చెబుతాడు. "అమ్మా, నీళ్లు." "నాన్న, బండి." మూడో మాట కలవదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిషు. పిల్లవాడి బుర్ర మూడింటికే తట్టుకోలేకపోతోందని నా నమ్మకం. అలాంటిది నాలుగోదా?

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. భయం వేస్తే చదువుతాను. ఎన్ని భాషలైనా ఫర్వాలేదని ఒక వ్యాసం, ముందు ఒకటి గట్టిపడాలని ఇంకొకటి. చివర ఏది చదివితే ఆ రోజుకి అదే నిజమనిపించేది. జనవరిలో ఒక నిర్ణయానికి వచ్చి ఇంట్లో ఉర్దూ మాన్పించాను. మా ఆయన ఇమాముద్దీన్ రెండు రోజులు అలిగి, మూడో రోజు నుంచి తెలుగులోనే మాట్లాడాడు. రేపల్లెలో ఉండే మా అత్తగారు మున్నీసా మాత్రం ఊరుకోలేదు.

"నా మనవడితో ఏ భాషలో మాట్లాడాలో నువ్వు చెబుతావా బేటీ?"

"కొన్నాళ్లేలే అమ్మీ."

"కొన్నాళ్లకి నేనుంటానో లేదో."

అయినా ఆవిడ నా మాట మన్నించింది. ఆవిడకు తెలుగు బాగా వచ్చు. ఎప్పుడూ బుగ్గన తాంబూలం ఉంటుంది, నోటికి అడ్డంగా కొంగు ఉంటుంది. ఆ కొంగు చాటునుంచే మనవణ్ని తెలుగులో పిలిచేది. వాడు పలికేవాడు కాదు. ఫోన్ చెవి దగ్గర పెడితే ఒక్క క్షణం పట్టుకొని నాకు తిరిగి ఇచ్చేసేవాడు. అవతలనుంచి ఆవిడ గొంతు వినపడేది. "చూశావా, వాడి నోటికి తాళం వేశావు."

ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి, ఏ భాషలో ఎన్నిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు పలికాడో రాసుకునేదాన్ని. అన్నిట్లోనూ సగమే. ఉర్దూ మానేశాక కూడా సగమే. ఇంకా ఇంగ్లిషు మాన్పించలేదు కాబట్టి అనుకున్నాను. అందుకే సెప్టెంబరులో, కనీసం జర్మన్ అయినా తప్పించుదామని ఆ ఫారం పట్టుకొని వెళ్లాను.

రిబ్కా టీచరుకు ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా, నర్సుల్లా జుట్టు బిగించి ముడి వేసుకుంది. నేను నోరు విప్పేలోపే, "ఇప్పుడు వాళ్ల పీరియడే అండి. ఒక్కసారి వెనక కూర్చుని చూసి, తరవాత ఇవ్వండి ఫారం" అంది. ఫారం సంగతి ఆమెకు నా ముఖంలోనే తెలిసిపోయినట్టుంది.

ఆ క్లాసులో రంగులు లేవు, పాటలు లేవు. ఆమె పొట్ట పట్టుకొని మూలిగింది. ఇరవై రెండు మంది పిల్లలూ ఒక్కసారిగా అరిచారు: "వో టూట్ ఎస్ వే?" ఎక్కడ నొప్పి అని అడగడమట అది. ఆమె పొట్ట పేరు చెప్పింది, మోకాలి పేరు చెప్పింది, చెవి పేరు చెప్పింది. పిల్లలు తమ పొట్టలూ మోకాళ్లూ చెవులూ ముట్టుకున్నారు. ఫరూక్ కూడా అందరితో పాటే ముట్టుకున్నాడు. నేను బెంచీ మీద ముందుకు వంగాను. మా వాడేనా?

అప్పుడు ఆమె చేతిలో పుస్తకాన్ని నోటికి అడ్డం పెట్టుకొని మళ్లీ అవే పేర్లు చెప్పింది. పిల్లలు మోకాలు పట్టుకున్నారు. ఫరూక్ పక్కనున్న సాత్విక్ వైపు చూసి, ఆ తరవాత పట్టుకున్నాడు. చెవి అన్నప్పుడు సాత్విక్ ఆవులిస్తున్నాడు. మా వాడు చేతులు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చున్నాడు.

గంట కొట్టాక ఆమె నా పక్కన కూర్చుంది.

"చూశారా నస్రీన్ గారూ?"

"చూశానండి. తికమకపడుతున్నాడు. అందుకే ఈ ఫారం..."

"తికమకైతే పుస్తకం దించినప్పుడు కూడా పడాలిగా అండి?"

బ్యాగులోంచి తీయబోయిన ఫారం మళ్లీ లోపలికి తోశాను.

"మిగతా భాషల్లో పిల్లలు సగం ఊహించుకుంటారండి. మీరు కంచం పట్టుకొని రమ్మంటే వినపడకపోయినా వస్తాడు. జర్మన్‌లో ఊహించుకోడానికి ఏముంది? ఇరవై రెండు మందికీ కొత్తే. నా నోరు కనపడినంతసేపు వాడు ఎవరికీ తీసిపోడు. కనపడకపోతే లేడు. నాలుగు వారాల నుంచి చూస్తున్నాను."

"పుట్టగానే చెవులు పరీక్ష చేయించాం. బాగున్నాయన్నారు." నా గొంతులో కోపం నాకే తెలిసింది.

"అయిదేళ్ల కిందటి మాట కదండీ. జలుబులు ఎక్కువా?"

"ఎప్పుడూ ఉండేవే."

"ఒకసారి చూపించండి. అంతకన్నా నేనేం చెప్పలేను. డాక్టర్ని కాదు."

తరవాత తరవాత ఆమె కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్లది బాపట్ల. నాన్న దావీదు స్టేషన్ రోడ్డులో సైకిళ్లు బాగుచేసేవాడట. అమ్మ మాణిక్యమ్మ ఇప్పటికీ చర్చిలో సండే స్కూలు పిల్లలచేత బైబిలు వాక్యాలు కంఠతా పట్టిస్తుంది. అప్పజెప్పేటప్పుడు పిల్లలు తన పెదాలు చూసి అందుకుంటున్నారని, కీర్తనల పుస్తకం నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంటుందట. కూతురికి ఆ అలవాటే వచ్చింది.

రిబ్కా నర్సింగ్ చదివి పిల్లల వార్డులో ఏడేళ్లు పనిచేసింది. జర్మనీలో నర్సులను తీసుకుంటున్నారని విని, ముప్ఫయ్యో ఏట జర్మన్ మొదలుపెట్టింది. ఆ కోచింగు కోసమే ఉద్యోగం మానేసింది. చదవడం, రాయడం, మాట్లాడటం గట్టెక్కాయి. వినే పరీక్ష రెండుసార్లు పోయింది. తోటివాళ్లు నలుగురు వెళ్లిపోయారు. వాళ్ల చర్చికే వెళ్లే జాన్ బాబు గారు, "నేర్చుకున్నది ఊరికే పోనివ్వడం ఎందుకమ్మా, మా పిల్లలకు చెప్పు" అన్నారు. ఆమెకు వచ్చింది ఆసుపత్రి జర్మనే. దాన్నే చెప్పింది. రోజూ బాపట్ల నుంచి పాసింజరులో వస్తూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని అభ్యాసం చేస్తుంది. "ఏంటమ్మాయ్, ఎప్పుడూ పాటలేనా, కాస్త వాక్యం కూడా విను" అని పెట్టెలో పెద్దావిడ ఒకామె రోజూ మందలిస్తుందట.

"మా వాడి సంగతి మీకెలా పట్టుబడింది?" అని ఒకసారి అడిగాను.

"నా రోగమూ అదే కాబట్టి." పకపకా నవ్వింది. "మనిషి ఎదురుగా ఉంటే నాకు జర్మన్ వస్తుందండి. పరీక్షలో స్పీకర్ పెడతారు, దానికి మూతెక్కడుంది? మూడేళ్లుగా జనం మూతులు చూసి బతుకుతున్నాను. ఇంకొకడు చూస్తుంటే కనిపెట్టలేనా?"

ఆ వారమే ఫరూక్‌ని చూపిస్తే చెవుల డాక్టరు చెప్పిందీ అదే. రెండు చెవుల్లోనూ పొర వెనక నీరు చేరింది. కొన్ని రోజులు వినపడుతుంది, కొన్ని రోజులు నీళ్లలో మునిగి విన్నట్టుంటుంది. మూడు నెలలు ఆగుదాం, దానంతటదే పోవచ్చు, పోకపోతే చిన్న గొట్టం పెడదాం అన్నాడు. భాషల గురించి అడిగితే తల కూడా ఎత్తకుండా, "ఎన్నైనా మాట్లాడండమ్మా, ఎదురుగా కూర్చుని మాట్లాడండి" అని రాసుకుంటూ పోయాడు.

రీడింగులు తీసుకునే ముందు పరికరం సరిచూసుకోండని ప్రతి ఏడూ మొదటి ల్యాబు రోజున పిల్లలకు చెప్పేది నేనే. నా కొడుకు విషయంలో ఎనిమిది నెలలు రీడింగులు రాసుకుంటూ కూర్చున్నాను. వాడి నాయనమ్మ భాషను వాడికి అందకుండా చేసి, అది వైద్యమనుకున్నాను. ఫారంలో 'వద్దు' కొట్టేసి 'కావాలి' అని రాసి బడిలో ఇచ్చేశాను. అంతమాత్రాన పసిపిల్లలకు విదేశీ భాష మంచిదా చెడ్డదా తేలిపోయిందని కాదు. అది ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పీరియడ్‌లో మా వాడి ముఖంవైపు చూసే మనిషి ఉంది, అది చాలనిపించింది. ఆమె పాసైతే వెళ్లిపోతుంది. పాసు కాకూడదని ఒక్క క్షణం అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది.

డిసెంబరులో ఒక శనివారం ఆమె చెన్నైలో మూడోసారి పరీక్ష రాసింది. సాయంత్రం ఫోన్ చేశాను.

"ఎలా వినపడింది టీచర్?"

"కళ్లు మూసుకొని విన్నానండి. ఎలా రాశానో దేవుడికే తెలియాలి. ఫరూక్ ఎలా ఉన్నాడు?"

"మళ్లీ జలుబు చేసింది. పదిహేను రోజుల్లో చెవుల పరీక్ష. నీరు అలాగే ఉంటే..."

"ఉంటే గొట్టం పెడతారు. ఇప్పట్నుంచే ఏడవకండి."

మర్నాడు రేపల్లె వెళ్లాం. అత్తగారికి అంతా ఫోన్‌లో చెప్పాను గానీ ఎదురుపడి చెప్పలేదు. ఫరూక్ గుమ్మంలోకి రాగానే ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లింది. కోపం పోలేదనుకున్నాను. కుళాయి చప్పుడు వినిపించింది. తాంబూలం ఊసి, నోరు పుక్కిలించి, కొంగు నడుములో దోపుకొని వచ్చింది. వాడి ఎదురుగా నేలమీద చతికిలబడబోయి, "యా అల్లా" అని మోకాలు పట్టుకుంది.

ఫరూక్ ఆవిడ నోటివంక చూశాడు, ఆ నోటిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు. తరవాత మోకాలివంక చూశాడు.

"వో టూట్ ఎస్ వే?"

"క్యా బోల్రా? ఏమంటున్నాడే?"

"ఎక్కడ నొప్పి అంటున్నాడు అమ్మీ."

ఆవిడ కళ్లు తుడుచుకోలేదు, నవ్వలేదు. మోకాలు చూపించి, పెదాలు బాగా కదిలేలా ఉర్దూలో నెమ్మదిగా చెప్పింది, "ఇక్కడ నాన్నా, ఇక్కడ." వాడు చెయ్యి వేశాడు.

రైల్లో తిరిగి వస్తూ నోటుబుక్కు తీశాను. వాడు నాలుగు మాటలు కలిపి చెప్పడం ఇదే మొదలు. ముక్కు కారుతూ నా ఒళ్లో నిద్రపోతున్నాడు. చెవి దగ్గర "ఫరూక్" అని మెల్లగా పిలిచాను. కదల్లేదు. నిద్ర వల్లో, నీటి వల్లో. పుస్తకంలో ఉర్దూకి గడి ఉంది, తెలుగుకి ఉంది, ఇంగ్లిషుకి ఉంది. జర్మన్‌కి నేను గడి గీయలేదు.