రాజు ఆ తర్వాత చేసింది

పదకొండేళ్లుగా ఒక కథ అసలు ముగింపు నా దగ్గరే దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఊళ్లో అశోక్ చౌక్ వైపు మగ్గాల షెడ్లలో కోతలు కోయడంలో నన్ను మించినవాడు లేడు. మా తాత నేసిన చద్దరు కప్పుకుంటే ముసలివాళ్లకు పళ్లు మొలిచేవని నమ్మించినవాణ్ణి.

ఆ ఏడు మా వాడ గుడికి పెద్దగా ఉన్న సేటు భజన పుస్తకం ఒకటి అచ్చు వేయించి, ఇక అందులోవే పాడాలన్నాడు. ఆడవాళ్లు తరతరాలుగా పాడుకునే పాటలు అందులో లేవు. మా అందరికీ కూలి దొరికేది అతని షెడ్డులోనే. అందరం ఆ పుస్తకమే పట్టుకున్నాం.

ఒక సాయంత్రం, బీడీలు చుట్టే లక్ష్మక్క అరుగు మీద నేను పాత చరిత్ర పుస్తకంలో చదివిన స్కాట్లాండు సంగతి అందుకున్నాను. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట, అప్పటికే మతగురువు పోపును వదిలి తమ చర్చిని తమకు నచ్చినట్టు దిద్దుకున్న జనం మీదికి, దేవుడి దగ్గర కూడా తన మాటే చెల్లాలని వాళ్ల రాజు కొత్త ప్రార్థన పుస్తకం పంపాడు. చర్చిలో దాన్ని చదవడం మొదలెట్టగానే ఒకావిడ తను కూర్చున్న పీట తీసి చదివేవాడి మీదికి విసిరిందట.

లక్ష్మక్క చేతిలో కత్తెర ఆగింది. మోకాళ్ల నొప్పి వల్ల తనూ భజనకు పీట మోసుకొచ్చేది.

"నా లెక్కనే పీట దెచ్చుకునేదా ఆమె?"

"అవ్ అక్కా, గసొంటి పీటనే!"

"మల్ల రాజు ఏం జేసిండురా?"

నాకు తెలుసు. రాజు సైన్యం తెచ్చాడు. ఏళ్ల తరబడి యుద్ధాలు, చావులు. కానీ అలా చెబితే కథ చప్పబడిపోదూ?

"ఏం జేస్తడు? గా దినమే పుస్తకం సంకల బెట్టుకొని ఉరికిండు!"

అరుగంతా నవ్వు. లక్ష్మక్క మాత్రం నవ్వలేదు.

శనివారం భజనలో లక్ష్మక్క పీట విసిరింది. అది సేటు కాళ్ల ముందు పడింది. మరునాడే ఆమె భర్త పని పోయింది. వేరే ఏ షెడ్డూ అతన్ని పెట్టుకోకుండా సేటు కబురు పంపాడు. ఆమె బతిమాలుకోవడానికి షెడ్డుకు వస్తే, ఈ పని నీ తలకెవరు ఎక్కించారని మా అందరి ముందే అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నా పేరు చెప్పలేదు. నేను తల దించుకుని తెగిన దారానికి ముడి వేస్తున్నాను. నిజానికి ఏ దారమూ తెగలేదు.

వాళ్లు మగ్గాల పని వెతుక్కుంటూ దూరాన ఉన్న భివండీ వెళ్లిపోయారు. రెండేళ్లకు ఆమె అక్కడే పోయిందని తెలిసింది.

నిజం చెప్పి ఉంటే విసిరేదా? ఏమో, విసిరేదేమో కూడా. కానీ ఏం జరుగుతుందో తెలిసి విసిరేది. ఆ తెలివిడిని, నలుగురి నవ్వు కోసం, నేను ఆమెకు దక్కకుండా చేశాను.

మల్ల రాజు ఏం జేసిండని అడిగినవ్ గదా అక్కా. ఫౌజు దెచ్చిండు. నాకు గప్పుడే ఎరుకే.